చెయ్యి చూడకుండానే సైగ పట్టే రాడార్

మంత్రాలయానికి దగ్గర్లోని ఎమ్మిగనూరులో మగ్గం మీద పోగు తెగితే, నేతగాడు రెండు కొసలనూ బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి మెలిపెడతాడు. మాచాని సోమప్ప 1938లో నేతవారి సహకార సంఘం పెట్టిన ఊరది. అక్కడ ఈ పనిని ఎవరూ ప్రత్యేకంగా గమనించరు. 2015లో గూగుల్ 'సోలి' రాడార్‌ను చూపించినప్పుడు ఇవాన్ పూపిరెవ్ బృందం ఎంచుకున్న సైగల్లో ఒకటి మాత్రం అచ్చం ఇలాంటిదే. బొటనవేలిని చూపుడువేలి మీద రుద్దితే చాలు, కనిపించని మర తిప్పినట్టే.

ఇందులో కెమెరా లేదు. సోలి 60 గిగాహెర్ట్జ్ తరంగాలను పంపి, చేతికి తగిలి తిరిగొచ్చిన వాటిని అందుకుంటుంది. తరంగం పొడవు 5 మిల్లీమీటర్లే. అందుకని వేలు ఒక్క మిల్లీమీటరు దగ్గరికి జరిగినా, రానూపోనూ 2 మిల్లీమీటర్లు తగ్గి, తరంగం దశ 144 డిగ్రీలు మారిపోతుంది. చెయ్యి సెకనుకు మీటరు వేగంతో రాడార్ వైపు వస్తే పౌనఃపున్యం 400 హెర్ట్జ్ పెరుగుతుంది. ఇది డాప్లర్ ప్రభావం. తిరుపతి దగ్గరి గాదంకిలో 1024 యాగీ యాంటెన్నాలతో ఆకాశంలోని గాలి వేగాన్ని కొలిచే ఎంఎస్‌టీ రాడార్‌కూ ఇదే ఆధారం. సోలి చిప్ కొలత 6.5 × 5 మిల్లీమీటర్లు!

చిక్కేమిటంటే, రెండు సెంటీమీటర్ల కంటే దగ్గరగా ఉన్న వేళ్లను దూరాన్ని బట్టి ఇది విడదీయలేదు. ఏ వేలు ఎక్కడుందో దానికి తెలియదు. కాలంతోపాటు సంకేతం ఎలా మారుతోందన్నదే దానికి దొరికే సమాచారం. ఆ మార్పుల్లోంచి సైగను గుర్తుపట్టేలా, వేలమంది వాలంటీర్లు చేసిన లక్షల సైగలతో కంప్యూటర్‌కు తర్ఫీదిచ్చారు. కదలని ముద్రను పట్టడం దీనికి కష్టం.

2019లో పిక్సెల్ 4 ఫోన్‌లో సోలి వచ్చింది. మన దేశంలో 60 గిగాహెర్ట్జ్ వాడకానికి అనుమతి లేకపోవడంతో ఆ ఫోన్ ఇక్కడ అమ్మకానికే రాలేదు. మరుసటి ఏడాది పిక్సెల్ 5లో రాడార్‌నే తీసేశారు. చేతిలో ఉన్న ఫోన్‌ను తాకడమే తేలికైనప్పుడు గాల్లో చెయ్యి ఊపాల్సిన అవసరం ఎవరికుంది? 2021 నాటి నెస్ట్ హబ్‌లో అదే రాడార్ నిద్రపోయేవారి ఊపిరిని లెక్కపెట్టే పనికి కుదిరింది.

తాకకూడని చోటే దీని అసలు ఉపయోగం. ఆదోని జిన్నింగు మిల్లులో దూది నలుసులు కెమెరా అద్దాన్ని కప్పేస్తాయి. ఈ తరంగాలకు పలచటి ప్లాస్టిక్ మూతా, చీకటీ అడ్డు కావు. అయితే పక్కన తిరిగే ఫ్యానూ, పరిగెత్తే బెల్టూ కదలికలే కాబట్టి, వాటి సంకేతాన్ని ముందుగా వడకట్టాలి.