న్యాయము, వర్తకము, అడవి నేల

దేశము ధనవంతము కావలెనన్న మంచి నేల, బాటలు, వర్తకము ఉండిన చాలునని పలువురు తలంతురు. న్యాయస్థానమునకును పంటకును గల సంబంధము వారికి తోచదు. ఆ సంబంధమును మన భద్రాచలపు టడవి సరిహద్దు చరిత్రనుండియే చూపదలచితిమి.

భద్రాచలము, రేకపల్లి తాలూకాలు 1874వ సంవత్సరమున మధ్యపరగణాలనుండి మద్రాసు రాజధానిలోని గోదావరి జిల్లాకు మారినవి. పూర్వము పోడు సేద్యముపై పన్ను స్వల్పముగా నుండెను. మారిన పిమ్మట అది దాదాపు మూడింత లయ్యెను. కొన్ని చోట్ల పోడు నిషేధింపబడెను. పొరుగున నున్న రంపసీమలో మరియొక చిక్కు పుట్టెను. మైదానపు వర్తకులు కొండవారికి అప్పు లిచ్చి, పత్రములు వ్రాయించుకొని, దావాలు వేసిరి. చట్ట మెరుగని ఋణస్థుడు కోర్టునకు రాలేకపోయెను. ఏకపక్షపు డిక్రీలు వచ్చెను. అయిదు రూపాయల బాకీకి నూరు రూపాయల సొత్తు జప్తు చేసిరని నాటి ప్రభుత్వపు వ్రాతలలో కలదు. 1879లో రంపలో పితూరి రేగి రేకపల్లి వరకు వ్యాపించెను.

న్యాయస్థాన ముండుట మాత్రము చాలదని దీనివలన తెలియుచున్నది. అది ఇరుపక్షములకు అందవలెను. తన యెద్దులు రేపు తనవై యుండునో లేదో యెరుగని రైతు క్రొత్త నేల దున్నడు, పెట్టుబడి పెట్టడు. అట్టిచోట వర్తకమును తుదకు క్షీణించును.

ఈ యనుభవముననుండి క్రొత్త శాసనములు పుట్టినవి. ఏజెన్సీ ప్రాంతములలో కొండవారి భూమి ప్రభుత్వ ఏజెంటు అనుమతి లేక ఇతరుల పాలు కారాదని 1917వ సంవత్సరపు చట్టము విధించెను. వడ్డీ ఏటికి నూటికి 24 దాటరాదనియు, మొత్తము వడ్డీ అసలును మించరాదనియు నిర్ణయించెను. 1959లో ఆంధ్రప్రదేశ్ భూబదలాయింపు నిబంధనలు వచ్చెను. 1963లో అవి తెలంగాణపు షెడ్యూల్డు ప్రాంతములకును వర్తించెను.

చట్టము సంపదను మార్చినట్లే సంపదయు చట్టమును మార్చును. బాటలు పడి, వాణిజ్యపు పంటలు వచ్చి, నేల వెల పెరిగినకొలది బినామీ పేరులును నోటిమాట కౌలులును పెరిగినవి. అందుచే 1970లో నిబంధన మరింత బిగిసెను: ఏజెన్సీలో గిరిజనేతరుని చేతనున్న భూమి గిరిజనునినుండి వచ్చినదే యని భావింపవలెను, కాదని నిరూపించు భారము అతనిదే. 1997లో సమత వ్యాజ్యమున సుప్రీముకోర్టు, ప్రభుత్వము సయితము షెడ్యూల్డు ప్రాంతపు భూమిని గిరిజనేతరులకు గనుల కౌలున కీయరాదని తీర్పు చెప్పెను. పూర్వము కలహకారణమైన పోడునకు 2006వ సంవత్సరపు అటవీహక్కుల చట్టము హక్కుపత్రము పొందు దారి చూపెను.

ఈ రక్షణకు వెల లేకపోలేదు. అందరికి అమ్మరాని నేలపై ఋణము సులభముగా పుట్టదు. ఋణము పుట్టనిచో రైతు మరల వడ్డీవ్యాపారి గడపయే తొక్కును. అందుచేతనే సహకార సంఘములకును బ్యాంకులకును స్వాధీనము లేని తాకట్టు పెట్టుకొను వీలు తరువాత కల్పింపబడెను. కాపాడు చట్టమును, అప్పిచ్చు సంస్థయు జతగా నుండిననే నేల ఫలించును.

విద్యార్థులారా! 1879కి ముందు కొండవాడు నష్టపడినది తాను వ్రాయించి యిచ్చిన పత్రమున ఏమున్నదో తెలియకయే. మీ యింటి పట్టాను, ఋణపత్రమును, కోర్టు నోటీసును చదివి పెద్దలకు విప్పి చెప్పుడు. చట్టము మొదట అందవలసిన స్థలము మీ యిల్లే.