ఆహార పరిశ్రమల వ్యర్థాల నుండి నిర్మాణ, ఫర్నిచర్ సామగ్రి

1. లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• ఆహార వ్యర్థాలను వాటిలోని పదార్థాన్ని బట్టి వర్గీకరించగలుగుతారు.
• వ్యర్థం ఇటుకగా, బోర్డుగా మారే విధానాన్ని వివరించగలుగుతారు.
• ‘పర్యావరణహితం’ అనే పేరుతో వచ్చే వస్తువును ప్రశ్నించి చూడగలుగుతారు.

2. పరిచయం

ఒక సాయంత్రం నారాయణగూడ కూడలి నుండి చిక్కడపల్లి మీదుగా అశోక్ నగర్ వరకు నడిచి చూడండి. చెరకు రసం బండి పక్కన పిప్పి కుప్ప కనిపిస్తుంది. కొబ్బరి బొండాల బండి వెనుక ఖాళీ బొండాలు, పోటీ పరీక్షల అభ్యర్థులతో నిండిన టిఫిన్ సెంటర్ల దగ్గర కోడిగుడ్డు పెంకులు, హోటళ్ల బయట మరిగి సారం పోయిన టీ పొడి, కూరగాయల మార్కెట్‌లో క్యాబేజీ ఆకులు ఉంటాయి. రాత్రికి ఇవన్నీ ఒకే చెత్త బండిలో కలుస్తాయి.

ఇదే చెరకు పిప్పి చక్కెర మిల్లులో ముడిసరుకు. దానితో ఇటుక చేయవచ్చు, బల్లకు పనికివచ్చే బోర్డు చేయవచ్చు. పదార్థం ఒకటే అయినా ఒకచోట చెత్త, మరొకచోట సరుకు. ఈ తేడా ఎందుకు వస్తుందో తెలుసుకోవడమే ఈ పాఠం ముఖ్యోద్దేశం.

3. ఏ వ్యర్థంలో ఏముంది?

ఆహార వ్యర్థాలను మన అవసరానికి మూడు వర్గాలుగా విభజించుకోవచ్చు.

(అ) పీచు వ్యర్థాలు: చెరకు పిప్పి, కొబ్బరి పీచు. కలపలో ఉండే సెల్యులోజ్, హెమీసెల్యులోజ్, లిగ్నిన్ వీటిలోనూ ఉంటాయి. అందుకే ఇవి కలపకు ప్రత్యామ్నాయం కాగలవు.

(ఆ) ఖనిజ వ్యర్థాలు: వరి ఊక బూడిద, కోడిగుడ్డు పెంకులు. ఊక బూడిదలో 85 నుండి 95 శాతం వరకు సిలికా ఉంటుంది. గుడ్డు పెంకులో సుమారు 95 శాతం కాల్షియం కార్బొనేట్, అంటే సున్నపురాయిలో ఉండే పదార్థమే.

(ఇ) మెత్తటి వ్యర్థాలు: కూరగాయల తుక్కు, పండ్ల తొక్కలు, టీ, కాఫీ పిప్పి. వీటిలో అధిక భాగం నీరు. వాడుకోవాలంటే ముందు ఆరబెట్టాలి. దానికి శక్తి ఖర్చవుతుంది.

4. బంధకం పాత్ర

పీచును గాని, పొడిని గాని అచ్చులో వేసి నొక్కినంత మాత్రాన ఇటుక కాదు. రేణువులను పట్టి ఉంచే పదార్థం కావాలి. దానినే బంధకం అంటారు. సున్నం, సిమెంటు, రెసిన్ మనకు తెలిసిన బంధకాలు. ఒక వస్తువు బలం, ధర, పర్యావరణ ప్రభావం చాలావరకు వ్యర్థం మీద కాక బంధకం మీద ఆధారపడతాయి. కింది మూడు ఉదాహరణలను ఈ దృష్టితో చదవండి.

5. మూడు ఉదాహరణలు

5.1 బయో ఇటుక

ఐఐటీ హైదరాబాద్ డిజైన్ విభాగానికి చెందిన ప్రియబ్రత రౌత్రాయ్, భువనేశ్వర్‌లోని కిట్ సంస్థకు చెందిన అవిక్ రాయ్ వ్యవసాయ వ్యర్థాలతో ఈ ఇటుకను రూపొందించారు. వరి గడ్డి, గోధుమ గడ్డి, పత్తి కట్టె, చెరకు పిప్పి వంటివి దీనికి పనికివస్తాయి. గడ్డి, పత్తి కట్టె పొలంలో మిగిలేవి. పిప్పి మాత్రం మిల్లులో మిగిలేది.

తయారీ సులభం. ఎండిన పదార్థాన్ని చిన్న ముక్కలుగా నరికి, సున్నం ప్రధానంగా ఉన్న ముద్దలో కలుపుతారు. మిశ్రమాన్ని అచ్చులో పోసి చెక్క దిమ్మెతో దట్టిస్తారు. ఒకటి రెండు రోజుల తరువాత అచ్చు పక్కలు తీసి, మరో 15 నుండి 20 రోజులు ఆరనిస్తారు. పని చేయదగిన బలం రావడానికి దాదాపు నెల పడుతుంది. సున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను నెమ్మదిగా పీల్చుకొని కాల్షియం కార్బొనేట్‌గా మారడమే ఈ ఆలస్యానికి కారణం. బట్టీ అవసరం లేదు, పైగా కొంత కార్బన్ ఇటుకలోనే ఉండిపోతుంది. అయితే సున్నం తయారీకి సున్నపురాయిని కాల్చాలన్న సంగతి మరవకూడదు.

ఈ ఇటుక బరువు కాల్చిన మట్టి ఇటుక బరువులో సుమారు ఎనిమిదో వంతు. వేడిని, శబ్దాన్ని బాగా అడ్డుకుంటుంది. కాని బరువు మోసే గోడకు ఇది ఒంటరిగా పనికిరాదు. చెక్క లేదా లోహపు చట్రం ఉండాలి. 2021లో ఐఐటీ హైదరాబాద్ ఆవరణలో ఈ ఇటుకలతో కట్టిన కాపలాదారు గది కూడా లోహపు చట్రం మీద నిలబడినదే.

5.2 వరి ఊక, ఊక బూడిద

వెయ్యి కిలోల ధాన్యం మర పట్టిస్తే సుమారు 200 కిలోల ఊక, ఆ ఊకను కాలిస్తే సుమారు 40 కిలోల బూడిద వస్తాయి. తెలుగు రాష్ట్రాలలో ఉప్పుడు బియ్యం మిల్లులు చాలా ఉన్నాయి. అక్కడ ధాన్యం ఉడికించే బాయిలర్లకు ఊకే ఇంధనం. కనుక అక్కడ అసలు వ్యర్థం ఊక కాదు, బూడిద.

ఊకను సుమారు 700 డిగ్రీల సెల్సియస్ మించకుండా కాలిస్తే సిలికా స్ఫటికంగా మారదు. అటువంటి బూడిదను మెత్తగా నూరి సిమెంటులో కలిపితే, సిమెంటు గట్టిపడేటప్పుడు విడుదలయ్యే కాల్షియం హైడ్రాక్సైడ్‌తో చర్య జరిపి అదనపు బంధకంగా మారుతుంది. భారతీయ ప్రమాణం ఐఎస్ 456 (2000) దీని వాడకాన్ని షరతులతో అనుమతిస్తుంది. వేడిని అదుపు చేయని బాయిలర్ బూడిదలో కాలని కార్బన్ మిగులుతుంది, నాణ్యత రోజుకో తీరుగా ఉంటుంది.

ఊకను కాల్చకుండా రెసిన్‌తో కలిపి, వేడిచేసి నొక్కితే ఫర్నిచర్‌కు పనికివచ్చే బోర్డు వస్తుంది. బెంగళూరులోని భారత ప్లైవుడ్ పరిశ్రమల పరిశోధన, శిక్షణ సంస్థ ఈ పద్ధతిని అభివృద్ధి చేసింది. ఊక పైపొరలోని మైనం, సిలికా వల్ల చవకైన యూరియా ఫార్మాల్డిహైడ్ రెసిన్ సరిగా అంటదు. అదే సిలికా రంపాలను త్వరగా అరగదీస్తుంది.

5.3 కొబ్బరి పీచు బోర్డు

కొబ్బరి డొక్కలో లిగ్నిన్ అధికం. వేడి, పీడనం తగిలితే అది మెత్తబడి, చల్లారినప్పుడు పీచును అతికిస్తుంది. నెదర్లాండ్స్‌లోని వాహెనింగెన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఈ గుణం ఆధారంగా బయటి జిగురు లేని బోర్డును తయారు చేశారు. ఇక్కడ వ్యర్థమే బంధకం.

6. బండి దగ్గరి పిప్పి ఎందుకు ఇటుక కాలేదు?

నేను బోధించే రోజుల్లో ఒక విద్యార్థి బృందం చెరకు రసం బండి దగ్గరి పిప్పిని సిమెంటులో కలిపి ఇటుకలు పోసింది. మూడో రోజు అచ్చు విప్పితే ముద్ద ఇంకా పచ్చిగానే ఉంది. పైన బూజు. తప్పు వారి శ్రమలో లేదు, పిప్పిలో మిగిలిన చక్కెరలో ఉంది. సిమెంటు బరువులో వెయ్యో వంతు చక్కెర చేరినా గట్టిపడడం బాగా ఆలస్యమవుతుంది.

ఇక్కడ మీకు ఒక సందేహం రావచ్చు. పూర్వం డంగు సున్నంలో బెల్లం నీళ్లు కలిపేవారు కదా? నిజమే. కాని సిమెంటు నీటితో చర్య జరిపి గట్టిపడుతుంది. చక్కెర ఆ చర్యను అడ్డుకుంటుంది. సున్నం ప్రధానంగా గాలితో గట్టిపడుతుంది. కొద్దిపాటి బెల్లం దాని కరిగే గుణాన్ని పెంచి, పూతకు అనువుగా చేస్తుంది. ఒక బంధకానికి మేలు చేసినది మరొకదానికి కీడు చేయవచ్చు.

కాఫీ పిప్పి విషయంలోనూ ఇంతే. నేరుగా కలిపితే కాంక్రీటు బలహీనపడుతుంది. మెల్‌బోర్న్‌లోని ఆర్ఎంఐటీ విశ్వవిద్యాలయ పరిశోధకులు దానిని ఆక్సిజన్ లేకుండా 350 డిగ్రీల వద్ద వేడిచేసి బొగ్గుగా మార్చి, ఇసుకలో 15 శాతానికి బదులుగా వాడారు. బలం సుమారు 30 శాతం పెరిగిందని 2023లో ప్రకటించారు.

కాబట్టి వ్యర్థం సరుకు కావాలంటే అది ఒకే రకంగా, పొడిగా, శుభ్రంగా, ఒకేచోట విస్తారంగా దొరకాలి. మిల్లులో ఇవి సాధ్యం. చిక్కడపల్లి రోడ్డు మీద, ఐదు రకాల వ్యర్థాలు ఒకే బండిలో కలిసిన క్షణంలోనే ఆ అవకాశం పోతుంది. కనుక అక్కడ మొదటి పని ఇటుకల యంత్రం కొనడం కాదు, పిప్పిని, బొండాలను ఏ రోజుకారోజు విడిగా సేకరించడం.

7. సుస్థిరతను పరీక్షించే ప్రశ్నలు

ఏ వస్తువునైనా ఈ నాలుగు ప్రశ్నలు అడగండి.
1. అది నిజంగా వ్యర్థమేనా? మిల్లులో ఇంధనంగా వాడుతున్న పిప్పిని బోర్డుకు మళ్లిస్తే, బాయిలర్‌లో బొగ్గు కాల్చవలసి రావచ్చు.
2. బంధకం ఏమిటి? ఫార్మాల్డిహైడ్ వెలువడే బోర్డు గదిలోని గాలిని పాడుచేస్తుంది.
3. ఆరబెట్టడానికి, రవాణాకు ఎంత శక్తి ఖర్చయింది?
4. వాడకం ముగిశాక ఏమవుతుంది? సున్నం, పీచుల ఇటుకను మట్టిలో కలపడం సులభం. రెసిన్ బోర్డును కలపలేము.

8. సారాంశం

వ్యర్థం అనేది పదార్థానికి పుట్టుకతో వచ్చిన గుణం కాదు. దానిని సేకరించే తీరు, కలిపే బంధకం దాని విలువను నిర్ణయిస్తాయి. బయో ఇటుక, ఊక బూడిద, కొబ్బరి పీచు బోర్డు ఉపయోగకరమైనవే, కాని ప్రతిదానికీ పరిమితి ఉంది. ఆ పరిమితిని చెప్పకుండా ప్రయోజనాన్ని మాత్రమే చెప్పే ప్రకటనను నమ్మవద్దు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. బయో ఇటుక గట్టిపడడానికి నెల రోజులు ఎందుకు పడుతుంది?
2. చక్కెర సిమెంటు మీద, బెల్లం సున్నం మీద చూపే ప్రభావాలను పోల్చండి.
3. 5,000 కిలోల ధాన్యం నుండి సుమారు ఎంత ఊక బూడిద వస్తుంది?
4. కృత్యం: మీ ఊరిలోని ఒక చెరకు రసం బండి లేదా రైస్ మిల్లు దగ్గరకు వెళ్లి, రోజుకు ఎంత వ్యర్థం వస్తుందో, ఇప్పుడు అది ఎక్కడికి పోతుందో యజమానిని అడిగి తెలుసుకోండి. విభాగం 7లోని ప్రశ్నల ఆధారంగా ఒక పేజీ నివేదిక రాయండి.