కరెంటు కాదు, కిరణము

బొల్లారము అనగానే రాష్ట్రపతి నిలయము, దండు బసలు, రైలుబాట మనస్సునకు వచ్చును. ఆ ఊర ఏ ఇంటనైన రాచపుండు పొడసూపినచో, ఆ ఇంటివారి దారి సికిందరాబాదు మీదుగా హైదరాబాదులోని రెడ్‌హిల్స్‌కు మరలును. 1955లో నెలకొని, మెహదీ నవాజ్ జంగ్ పేర ప్రసిద్ధమైన క్యాన్సరు ఆసుపత్రి అచ్చటనే కలదు. వైద్యుడు రేడియేషన్ చికిత్స చేయవలెనని చెప్పును. ఇరుగుపొరుగువారు దానినే "కరెంటు పెట్టుట" అందురు. ఆ ఒక్క మాటతోనే రోగికి సగము ప్రాణము పోవును.

నిజమునకు రోగి దేహమున విద్యుత్తు ప్రవహింపదు. విద్యుత్తు పని యంత్రము వరకే. అది ఎలక్ట్రానులను మహావేగముతో లోహఫలకమునకు తాకించును. అందుండి ఎక్స్‌కిరణములు వెలువడును. ఈ కిరణములను 1895లో జర్మనీ శాస్త్రజ్ఞుడు రాంట్‌జన్ కనుగొనెను. 1898లో క్యూరీ దంపతులు రేడియమును కనుగొనిరి. వ్రణములను మాడ్చుటకు వైద్యులు ఈ రెండింటిని చేపట్టిరి. కాని చిక్కొకటి యుండెను. లోపలి గడ్డను చేరుటకు ముందే కిరణము పైచర్మమును, నడుమనున్న అవయవములను గాయపరచుచుండెను. శత్రువును కొట్టబోయి ఇంటినే తగులబెట్టినట్లుండెను.

దీనికి దొరికిన ఉపాయమును బడిపిల్లలును గ్రహింపగలరు. ఎండలో పదిమంది విద్యార్థులు తలకొక అద్దము పట్టుకొని, గోడపై ఒకే చుక్కమీదికి వెలుగును మరల్చినచో, ఒక్కొక్క వెలుగు దారి చల్లగనే యుండును. అన్నియు కలిసిన చోట మాత్రమే వేడి పుట్టును. స్వీడను దేశపు శస్త్రవైద్యుడు లార్స్ లెక్సెల్ 1951లో ఇట్టి ఆలోచననే ప్రకటించెను. 1968 నాటికి అది "గామా కత్తి" అను యంత్రమైనది. దాదాపు 200 సన్నని కిరణములు నలుదెసలనుండి వచ్చి మెదడులోని గడ్డవద్ద కలియును. పేరు కత్తియే గాని కోత లేదు, నెత్తురు లేదు.

నేటి యంత్రములు రోగిచుట్టు తిరుగుచు, సన్నని లోహపు రేకుల సాయమున కిరణమును గడ్డ ఆకారమునకు సరిగా మలచును. తల కదలకుండుటకు ముఖమునకు అచ్చుపోసిన తొడుగు వేయుదురు. చిన్న గడ్డలకు కొన్నిట ఒకటి మొదలు అయిదు పర్యాయములు చాలును. అన్ని వ్రణములకు ఈ పద్ధతి తగదు. పెక్కింటికి వారమునకు అయిదేసి దినముల చొప్పున పలు వారములు చికిత్స సాగును.

ఇన్ని దినములేల? ఆరోగ్యముగల కణము ఒకనాటి దెబ్బను మరునాటికి చాలవరకు సరిచేసికొనును. రాచపుండు కణమునకు ఆ నేర్పు తక్కువ. ఈ భేదమే చికిత్సకు ఆయువుపట్టు. బస్సు చార్జీలకో, పోవు కూలికో జంకి నడుమ మానినచో, మిగిలిన కణములు తిరిగి తలయెత్తును. చికిత్స సగములో ఆపుట, మొలకెత్తు కలుపును సగము పీకి విడుచుటవంటిది.

మరియొక భయము పిల్లలది. "అమ్మను ముట్టరాదు" అని ఎవరో చెప్పుదురు. బయటి యంత్రముతో చేయు చికిత్సలో, యంత్రము ఆగినంతనే కిరణమును ఆగును, దేహమున నిలువదు. దేహములోపల రేడియో ధార్మిక పదార్థమునుంచు చికిత్సలలో మాత్రము వైద్యుని నియమములు పాటింపవలెను. ఇంత మాట ఉపాధ్యాయుడు తరగతిలో విప్పి చెప్పినచో, ఆ సాయంకాలము బొల్లారమున ఒక బిడ్డ జంకులేక తల్లి ఒడి చేరును.