వాద్య జీర్ణోద్ధరణము

మాది పెద్దపల్లి జిల్లాలోని కమాన్‌పూరు. ఆదివరాహస్వామి కోవెల గల యూరని భక్తు లెరుగుదురు. సింగరేణి బొగ్గుగనుల చేరువ నున్న యూరని తక్కినవా రెరుగుదురు. ఉదయమున తుడిచిన బల్లమీద సాయంకాలమునకు వ్రేలితో అక్షరములు దిద్దవచ్చును. అంతటి నల్లని దుమ్ము. ఈ దుమ్ముతోడనే ప్రసంగము నారంభించుటకు కారణము గలదు. బడిలో చిరకాలము తెలుగు చెప్పి విరమించిన నేను తీరికవేళల పాతవాద్యములను ప్రోగుచేసి బాగుచేయుచుందును. ఇది నాకు జీవిక గాదు, వ్యసనమే యనుకొనుడు. నా యొద్దకు వచ్చు హార్మోనియములలో పెక్కు ముసలితనముచేత గాక దుమ్ముచేతనే మూగవోయినవి.

హార్మోనియమును వినని తెలుగువాడు లేడు గాని, దాని మూత విప్పి చూచినవారు తక్కువ. ప్రతి మెట్టునకును క్రింద నొక ఇత్తడి పలక యుండును. పలకలో సన్నని గాడి. గాడిపై ఒక కొన మాత్రమే బిగింపబడిన ఇత్తడి నాలుక. దీనినే వాడుకలో రీడు అందురు. తిత్తి నొత్తగా గాలి గాడిగుండ పోవుచు నాలుక నాడించును. ఆ యాటయే స్వరము. నాలుకకును గాడి యంచునకును నడుమ ఎడము వెండ్రుకవాసి. అందులో ఒక్క రేణువు చిక్కెనా, స్వరము బుసకొట్టును, లేదా పూర్తిగా నోరు మూయును. దీనికి మందు పలుచని కాగితపు ముక్క. నాలుక క్రింద దానిని దూర్చి మెల్లగా లాగినచో దుమ్ము వెంటవచ్చును. రెండు వరుసల 39 మెట్ల పెట్టెలో 78 నాలుకలుండును గనుక ఓర్పు కావలెను. ఎలుక కొరికిన తోలు మార్చుట, తిత్తి చిల్లులు మూయుట మొదలగునవి చేతిపనులు. వానినిగూర్చి చెప్పవలసినది లేదు.

శ్రుతి సరిచేయుట మాత్రము వేరు సంగతి. నాలుక కొసను ఆకురాయితో గీకినచో అది తేలికయై వడిగా నాడును, స్వరము హెచ్చును. మొదట గీకినచో బిగువు తగ్గి స్వరము దిగును. వినుటకు సులభముగా నున్నది. కాని గీకిన ఇత్తడి మరల రాదు. ఈ చిన్నమాటను నేను ఆలస్యముగా నేర్చుకొంటిని.

కొన్నియేండ్ల క్రిందట పొరుగూరి భజనమండలివారు తమ పెట్టెను తెచ్చిరి. తాతలనాటిది. బొగ్గుపొడియంతయు దులిపి, తిత్తికి క్రొత్త తోలు వేసితిని. పని అంతటితో ముగిసియుండవలసినది. కాని సెల్‌ఫోనులోని శ్రుతిమానితో ఒక్కొక్క స్వరమును పరీక్షింపగా, వారు పాడు షడ్జమునకు గాంధారము ఇంచుక దిగియున్నది, నిషాదమును అట్లే. వయోభారముచేత శ్రుతి చెడినదని నిశ్చయించుకొని, రెండు రాత్రులు కూర్చుండి ఆ నాలుకల కొసలు గీకి, ముల్లు సరిగా నడుమ నిలుచునట్లు చేసితిని. నాకు ఎంతయో తృప్తి కలిగినది.

మండలివారు వచ్చి నా యరుగుమీదనే వాయించి చూచిరి. వారిలో పెద్దాయన రెండవ చరణమునందే పాట నాపి, మెట్లవంక చూచి, మరల షడ్జమును గాంధారమును కలిపి నొక్కి చూచెను. “పంతులూ, పెట్టె మంచిగనే పలుకుతున్నది గని, ఇది మా పెట్టె కాదు” అనెను. కోపముతో అనలేదు. అందుచేతనే నాకు మరింత నొచ్చినది.

ఆయన చెవి తప్పు కాదు. షడ్జము క్షణమునకు 240 కంపములు గలదనుకొందము. దానితో నెయ్యముగా కలియు అంతరగాంధారము 300. అనగా నాలుగింటికి ఐదు. తంబూర తీగను మీటి చెవి యొగ్గి వినువారికి ఆ గాంధారము తానుగా వినబడును. నేటి మెట్లవాద్యములందో స్థాయిని పండ్రెండు సమభాగములుగా కోయుదురు. అట్లు కోసినప్పుడు గాంధారము 302కు పైగా పోవును. లాభ మేమనగా ఏ మెట్టునైనను షడ్జముగా తీసికొని పాడవచ్చును. నష్ట మేమనగా ఏ మెట్టునందును గాంధారము షడ్జముతో పూర్తిగా కలియదు. రెండింటిని కలిపి నొక్కినచో వణకు వినబడును. ఎన్నడో ఎవరో చెవి గల పనివాడు ఆ మండలివారు ఎల్లప్పుడును ఒకే శ్రుతిలో పాడుదురని తెలిసికొని, దానికి తగినట్లు ఆ పెట్టెను దిద్దియుండెను. నేను తప్పని తలచినది ఆయన నేర్పు. భరతుని వాదిసంవాదులను గురుముఖమున చదువుకొన్నవాడను. ముల్లును నమ్మితిని, చెవిని నమ్మనైతిని.

ఈ వణకును బట్టియే హార్మోనియము ఒకప్పుడు రేడియోలో అడుగు పెట్టరాదని శాసించిరి. 1940లో ఆకాశవాణి విధించిన ఆ నిషేధము 1971 దాక నిలిచినది. గమకము పలుకదనియు, శ్రుతులు నిలువవనియు దానిపై నేరము. రవీంద్రనాథ ఠాకూరుగారికిని ఆ వాద్యము గిట్టలేదు. విమర్శ న్యాయమే, శిక్ష మాత్రము అధికమని నా తలపు. యూరపులో పుట్టి, కలకత్తాలో ద్వారకానాథ ఘోషు చేత నేలపై కూర్చుండి వాయించుటకు వీలగు రూపము దాల్చిన ఈ పెట్టె లేనిచో, మన రంగస్థలమున పద్యమునకు ఆ రాగాలాపన యెక్కడిది? వంకర యున్నచో దిద్దవచ్చును. భజనమండలి పెట్టెను దిద్దిన ఆ యజ్ఞాత శిల్పి అదియే చేసెను.

ఆ పెట్టె మాట ముగించెదను. స్వరమును మరల దించుటకై నాలుకలను మొదట గీకబోగా ఒకటి తునిగినది. అప్పుడు గీకుట మాని, కొసలకు చిటికెడంత టంకము నంటించితిని. కొస బరువెక్కినచో స్వరము దిగును. తునిగినదానికి మారుగా పాడుపడిన వేరొక పెట్టెనుండి నాలుకను తెచ్చి వేసితిని. పెద్దాయన విని, “దగ్గరికొచ్చింది” అని పట్టుకొనిపోయెను. వచ్చినది అని అనలేదు. ఆనాటినుండి ఏ వాద్యము వచ్చినను, ముట్టుకొనకమునుపే దాని స్వరములన్నింటిని ధ్వనిముద్రణ చేసి, పుస్తకములో వ్రాసికొని, వాయించువారిని ప్రక్కన కూర్చుండబెట్టుకొనిగాని ఆకురాయి పట్టను.

గ్రామఫోనులును నా యింట గలవు. వీనికి మరమ్మతు తేలిక: కీలు చుట్టకు కందెన, ధ్వనిపేటికలోని అభ్రకపు బిళ్ళకు క్రొత్త రబ్బరు, పక్కపక్కకు క్రొత్త సూది. ఒక్క హెచ్చరిక చెప్పక తప్పదు. నిమిషమునకు 78 చుట్లు తిరుగు ఆ పాత పలకలు లక్కతో చేసినవి. లక్క సారాయిలో కరగును. మెరుగు వచ్చునని స్పిరిటుతో తుడిచినవారి పలకలను చూచితిని. పాటయంతయు గుడ్డకు అంటినది. చల్లని నీటిలో కొంచెము సబ్బు కలిపి, నడిమి కాగితము తడియకుండ తుడిచి, నీడను ఆరబెట్టవలెను.

ఇక కిన్నెర. పాతసామానుల వర్తకుని గుట్టలో నాకొకటి దొరికినది. వెదురు దండి, సొరబుర్రలు, దండిమీద తేనెమైనముతో నిలిపిన మెట్లు. పూర్వము ఈ మెట్లకు అలుగు పెంకులు వాడెడివారు. 1972 వన్యప్రాణి చట్టము ఆ జంతువును కాపాడుచున్నది గనుక నేడది తగదు. దక్కలివారి ఈ వాద్యమును పండ్రెండు మెట్లతో వాయించి, పండుగ సాయన్న కథను పాడిన దర్శనం మొగిలయ్యగారికి 2022లో పద్మశ్రీ వచ్చినది. 

నా కిన్నెరకు రెండు మెట్లు ఊడినవి. మైనము గుర్తులు మాత్రము దండిపై మిగిలినవి. లెక్కకట్టి నేనే నిలుపవచ్చును. నిష్పత్తులు నాకు కంఠస్థము. నిలుపలేదు. హార్మోనియమునకు కర్మాగారపు కొలత యొకటైనను గలదు. కిన్నెరకు వాయించువాని గొంతే కొలత. అతడు పాటకు తగినట్లు మైనమును మెత్తబరచి మెట్టును జరుపుకొనును. దక్కలి కుటుంబములలో ఇంకను వాయించు పెద్దవారెవరైన నున్నారేమోయని విచారించుచున్నాను. రామగుండము ప్రాంతపు వేసవి ఎండలు మీకు తెలియనివి కావు. మిగిలిన మెట్లైనను జారకుండ, కిన్నెరను నీళ్ళకుండల ప్రక్క చల్లనిచోట పరుండబెట్టి, రోజు విడిచి రోజు తడిలేని గుడ్డతో దాని దుమ్ము తుడుచుచున్నాను.