దీర్ఘతరంగములపై మందసంకేతములు

మాటలాడువాని కంఠము క్షీణించినప్పుడు వినువాడు చేయదగిన పని యేమి? చెవి యొగ్గుట, చుట్టునున్న రొదను మాన్పుట, మెల్లగా మఱల చెప్పుమని యడుగుట. దీర్ఘతరంగములపై ఔత్సాహికులు చేయు రేడియో ప్రయోగములన్నియు ఇంతలోనే యిమిడి యున్నవి. సంస్కృతాంధ్రములు బోధించి విశ్రాంతి గొన్న నాకీ విద్యతో సంబంధము కలిగించినవాడు నా కుమారుడు. అతడు మాదాపూరున కంప్యూటరు ఉద్యోగి. నేనచ్చటనే, హైటెక్ సిటీ చేరువ, తొమ్మిదవ అంతస్తున అతనితో కాపురమున్నాను.

ఔత్సాహికుడనగా వ్యాపారమునకు గాక కుతూహలముచే రేడియోను సాధించువాడు. ప్రభుత్వపరీక్షలో నెగ్గి ప్రసారమునకు అనుజ్ఞ పొందినవాడు. హైదరాబాదునకిది క్రొత్త విద్య కాదు. 1933లో తంతితపాలాశాఖ యుద్యోగి మహబూబ్ అలీ చిరాగ్ అలీ గల్లీలో 200 వాట్టుల ప్రసారయంత్రమును నెలకొల్పెను. 1935లో నిజాము ప్రభుత్వము దానిని స్వీకరించి దక్కను రేడియోగా నడపినది. జాతీయ ఔత్సాహిక రేడియో సంస్థయు 1983లో ఈ నగరముననే వెలసినది.

ఔత్సాహికులలో పెక్కురు హ్రస్వతరంగములపై ఖండాంతరముల వారితో ముచ్చటింతురు. దీర్ఘతరంగముల జోలికి పోవువారు అరుదు. 2007లో అంతర్జాతీయ సమావేశము వీరికి 135.7 మొదలు 137.8 కిలోహెర్ట్జుల వఱకు ఒక యిఱుకు సందును కేటాయించినది. అచ్చటి తరంగము పొడవు సుమారు 2,190 మీటర్లు. చక్కగా ప్రసరింపజేయవలెనన్న అందులో నాలుగవ పాలు, దాదాపు 547 మీటర్ల నిలువు ఏరియల్ కావలెను. గోలకొండ గుట్ట యెత్తు సుమారు 120 మీటర్లు. అట్టివి నాలుగు ఒకదానిపై నొకటి పేర్చినను చాలదు! మేడపై మనము కట్టగల తీగ పదునైదో యిరువదియో మీటర్లు. యంత్రమున నూఱు వాట్టులు పోసినను గాలిలోనికి వెలువడునది లేశమే. తక్కినది వేడియై పోవును. దానికి తోడు ఈ తరంగములకు భూమితో గట్టి సంబంధము వలయును. మన క్రింద నున్నదో, 250 కోట్ల యేండ్లనాటి గ్రానైటు. అందు కడ్డీ దిగదు. దిగినను ఎండిన రాతిలో విద్యుత్తు సరిగా పాఱదు. పోనీ యెట్లో సాధించితిమన్నను, వెలువడు శక్తి ఒక వాట్టును మించరాదని నియమము.

శక్తి లేనిచోట ప్రయోక్త కాలమును వెచ్చించును. మన శిక్షాశాస్త్రమున ద్రుత, మధ్యమ, విలంబితములని మూడు వృత్తులు కలవు. అభ్యాసమునకు ద్రుతము, ప్రయోగమునకు మధ్యమము, శిష్యునకు చెప్పునపుడు విలంబితము. మామూలు మోర్సు సంకేతమున ఒక చుక్క సెకనులో పదవ వంతుండును. దీర్ఘతరంగ ప్రయోక్తలు ఆ చుక్కను ముప్పది సెకనులు సాగదీయుదురు. ఇట్లు 300 రెట్లు మందగింపజేసినచో వినువాడు తన ద్వారమును 300 రెట్లు సన్నము చేసికొనవచ్చును. ద్వారము సన్నగిల్లినకొలది లోనికి వచ్చు రొద తగ్గును. సంకేతము మాత్రము తగ్గదు. శక్తిని 300 రెట్లు పెంచినంత ఫలము! చెవికిది తెలియదు, కంప్యూటరు తెరపై గీతగా కానవచ్చును. ఒక్క పిలుపుపేరు పంపుటకు అరగంట పట్టును.

మఱియొక యుక్తి జోసెఫ్ టేలరు అను అమెరికా శాస్త్రజ్ఞునిది. ఈయన రస్సెల్ హల్సుతో గూడి 1974లో జంటగా తిరుగు పల్సరు తారను కనుగొని, 1993లో నోబెలు బహుమానము పొందెను. తారల క్షీణస్పందనమును రొదనుండి వేఱుచేసిన ఆ బుద్ధియే 2008లో విస్పర్ అను పద్ధతిని లోకమునకిచ్చినది. విస్పర్ అనగా గుసగుస. పంపువాని పిలుపుపేరు, స్థలము, శక్తి అను మూడింటిని 50 బిట్లలోనికి కుదించి, మఱల 162 గుర్తులుగా పెంచి, 110.6 సెకనులలో పంపుదురు. కుదించినదానిని పెంచుట యెందులకని నాకు మొదట బోధపడలేదు. జటాపాఠము జ్ఞప్తికి రాగానే తెలిసినది. ఒకటి రెండు, రెండు ఒకటి, ఒకటి రెండు అని పదములను ముందువెనుకలుగా జెప్పుటచే ఒకచోట జాఱినది మఱొకచోట దొరకును గదా! ఘనపాఠులు ఈ పోలికకు కోపింపకుందురు గాక. 2,500 హెర్ట్జుల ద్వారమున రొద సంకేతముకంటె ఆఱువందల రెట్లున్నను ఈ గుసగుస చిక్కును.

ఇంతకన్న మిగుల క్రింద, 18.2 కిలోహెర్ట్జులపై, తమిళనాడున విజయనారాయణములోని నౌకాదళపు కట్టబొమ్మన్ కేంద్రము పలుకును. అది 1990లో వెలసినది. సముద్రజలమున కొన్ని మీటర్ల లోతు చొచ్చు గుణము ఈ తరంగములకు కలదు గనుక జలాంతర్గాములకు వార్త లంపుట దాని పని. వార్తలోని మర్మము మనకు తెలియదు, అక్కఱయు లేదు; తరంగబలమును కొలుచుటయే మన ప్రయోగము. గత పుష్యమాసమున నా కుమారుడు కొయ్యచట్రమునకు తీగ చుట్టి, కొసలను కంప్యూటరు మైకు తగిలించుచోట తగిలించెను. ఆ యంత్రము 24 కిలోహెర్ట్జుల వఱకు గ్రహింపగలదు గనుక వేఱు రేడియో అక్కఱలేదు. కేంద్రము మాకు వేయి కిలోమీటర్ల దూరము. తెరపై కనబడినది ముసురువాన వంటి రొద మాత్రమే. ఒక వేకువను కరెంటు పోయినది. జనరేటరు అందుకొనుటకు అరనిమిషము పట్టెను. ఆ అరనిమిషము ముసురు విడిచి, 18.2 దగ్గఱ సన్నని వెలుగుగీత నిలిచినది. జనరేటరు మ్రోగగానే మునిగిపోయినది.

ఎల్‌ఇడి దీపములు, చార్జర్లు, యు.పి.ఎస్.లు, లిఫ్టుల వేగనియంత్రకములు, ఇవి విద్యుత్తును సెకనునకు వేలకొలది, లక్షలకొలది సార్లు త్రుంచి పనిచేయును. ఆ త్రుంపులు సరిగా దీర్ఘతరంగముల తావుననే పడును. ఒక్కటొక్కటి అల్పము, ఈ ప్రాంతపు మేడలలో వానికి లెక్క లేదు. మా యింట ఒక్కొక్కటి ఆర్పి చూడగా పెద్దదోషి నా చదువుబల్ల దీపమని తేలినది! దానిని మార్చితిని. లిఫ్టునకు వడపోత పెట్టింపుడని భవనసంఘమువారిని వేడగా, రేడియో మాని యూట్యూబు వినుడని హితవు చెప్పిరి.

మాఘమాసమున వికారాబాదు వైపు అనంతగిరి కొండలకు పోయితిమి. అచ్చట గీత స్ఫుటముగా నిలిచినది. ఈ తరంగములు భూమికిని, పైనున్న అయనావరణమునకును నడుమ, గొట్టములో గాలివలె సాగును. ఆ పైకప్పు రాత్రి దాదాపు 90 కిలోమీటర్ల యెత్తున, పగలు 70 దగ్గఱ నుండును. సూర్యోదయవేళ గీత సన్నగిల్లి మఱల బలియుట చూచితిమి. కప్పు దిగుచున్న గుర్తది. తెల్లవాఱుట నేనెన్నడు నట్లు చూచి యెఱుగను.

ఆ కొండల చేరువనే దామగుండము అడవిలో నౌకాదళపు రెండవ కేంద్రమునకు 2024 అక్టోబరు 15న రక్షణమంత్రి రాజ్‌నాథ్ సింగు శంకుస్థాపన చేసిరి. 1,174 హెక్టార్ల అడవి దానికీయబడినది. చెట్లకును, అనంతగిరిని పుట్టు మూసీకిని చేటని పలువురు మొఱపెట్టిరి. దేశరక్షణమున తీర్పు చెప్పుట నావంటివాని పని కాదు. అట్టి యడవిని మఱల నాటి తెచ్చుకొనలేమని మాత్రమెఱుగుదును. ఆ కేంద్రము మ్రోగునాడు దాని చెంత దూరపు గుసగుసలు వినుట దుర్ఘటము. నగరమున రొద, కొండలలో మహాకంఠము. వినువాడు ఇంకను దూరము పోవలసి యుండును.

వినగోరువారు ఉఱుములు లేని చలిమాసములు ఎంచుకొనుడు. వేసవి యుఱుములు ఈ తరంగములకు పరమశత్రువులు. కంప్యూటరును బ్యాటరీపై నడుపుడు. ముందుగా ఇంటిలోనివారికి చెప్పి, మెయిను స్విచ్చి ఆపి చూడుడు.