చీలమండ కింద మరో కీలు

"ఎక్స్‌రేలో ఏమీ లేదన్నారు, అయినా మనిషి కాలు మోపలేకపోతున్నాడు, ఎందుకని?" మన ట్రస్టు సహాయంతో పారామెడికల్ కోర్సులు చదువుతున్న పిల్లలు తరచు నన్ను అడిగే ప్రశ్న ఇది. ఎక్స్‌రే, సి.టి. స్కాన్ విభాగాల్లో పనిచేస్తున్నాను కనుక జవాబుగా ఒక్క కీలు గురించి రాస్తాను. దాని పేరు సబ్‌టాలార్ కీలు.

చీలమండ దగ్గర కాలి ఎముకలు రెండూ కలిసి టాలస్ అనే చిన్న ఎముకను పట్టుకుని ఉంటాయి. ఆ కీలు పాదాన్ని పైకీ కిందికీ ఆడిస్తుంది. టాలస్ కింద ఉన్నది మడమ ఎముక, అంటే కాల్కేనియస్. ఈ రెండింటి మధ్య ఉన్నదే సబ్‌టాలార్ కీలు. అరికాలు లోపలికీ బయటికీ ఒరిగేది ముఖ్యంగా ఇక్కడే. పొలం గట్టు మీద తూలకుండా నడుస్తున్నామంటే దీని చలవే. ఇంత బరువు మోసే టాలస్‌కు ఒక్క కండరమైనా అతుక్కుని ఉండదంటే చాలామంది నమ్మరు!

ఈ రెండు ఎముకలు మూడు చోట్ల ఆనుకుంటాయి. వెనుక ఉన్నది పెద్దది. మధ్యది మడమ ఎముక లోపలివైపు అరుగులా పొడుచుకు వచ్చిన భాగం మీద ఉంటుంది. ఆ అరుగు పేరు సస్టెంటాక్యులమ్ టాలై. నోరు తిరగని పేరే గాని అర్థం తేలిక, టాలస్‌ను మోసేది అని. మూడవది ముందుది, కొందరిలో ఇది మధ్యదానితో కలిసిపోయి ఉంటుంది.

ఈ తలాలు ఏటవాలుగా ఉంటాయి. చిక్కంతా అక్కడే. చీలమండకు ఎదురుగా తీసిన ఎక్స్‌రేలో కింది కీలు సందు తెరుచుకుని కనబడదు. 1949లో బ్రోడెన్ ఒక పద్ధతి చెప్పాడు: కాలిని లోపలికి తిప్పి, ట్యూబును తలవైపు 10, 20, 30, 40 డిగ్రీలు వంచి నాలుగు ఫిల్ములు తీయాలి. అప్పుడు వెనుక తలం భాగాలు ఒక్కొక్కటిగా కనబడతాయి. సి.టి. వచ్చాక దీని అవసరం తగ్గింది గాని, విద్యార్థులు దీన్ని నేర్చుకుంటే కీలు ఎటు వాలి ఉందో బుర్రకెక్కుతుంది.

మనవాళ్ళలో తాపీపని, సెంట్రింగు, పెయింటింగు చేసేవారు ఎందరో ఉన్నారు. పరంజి మీంచి జారి మడమల మీద పడితే టాలస్ మేకులా మడమ ఎముకలోకి దిగుతుంది. వెనుక తలం చిట్లుతుంది. పక్క నుంచి తీసిన ఎక్స్‌రేలో బోలర్ కోణం కొలుస్తారు. మామూలుగా అది 20 నుంచి 40 డిగ్రీలు. తగ్గితే ఎముక కుంగినట్టు. కోణం సరిగానే ఉన్నంత మాత్రాన విరగలేదని చెప్పడానికి వీల్లేదు. ముక్కలెన్ని, ఎంత ఎడం జరిగాయి అన్నది సి.టి.లోనే తేలుతుంది. ఆపరేషన్ సంగతి సర్జన్ గారు ఆలోచించేది ఆ బొమ్మలు చూసే.

పిల్లల్లో మరో సంగతి ఉంది. పన్నెండు, పదమూడేళ్ళ పిల్లవాడికి మాటిమాటికీ కాలు బెణుకుతుంటే, పాదం చదునుగా, బిగుసుకుని ఉంటే, వాడిని మునివేళ్ళ మీద నిలబెట్టి వెనుక నుంచి చూడండి. మామూలుగా మడమ లోపలికి తిరుగుతుంది. తిరగకపోతే రెండు ఎముకలు పుట్టుకతోనే కలిసి ఉన్నాయేమో చూపించాలి. ఎముకతో అతుక్కుంటే సి.టి.లో కనబడుతుంది. మృదులాస్థితో గాని, నారలాంటి కణజాలంతో గాని అతుక్కుంటే ఎం.ఆర్.ఐ. మేలు. ఇలాంటి పిల్లలను బద్ధకమని ఆటల పీరియడులో కేకలేయడం నాకు నచ్చదు.

పరీక్షకు పంపే చీటీల్లో చాలాసార్లు "కాలి నొప్పి" అని ఒక్క ముక్కే ఉంటుంది. ఎంత ఎత్తు నుంచి పడ్డారు, మడమల మీదే పడ్డారా, నొప్పి చీలమండ దగ్గరా దాని కిందా అన్నది రోగి వెంట వచ్చినవారు నోటితోనైనా చెప్పాలి. ఎత్తు నుంచి పడినవారికి నడుము నొప్పి ఉంటే అదీ చెప్పండి. మడమతో పాటు వెన్నుపూస కూడా విరిగి ఉండవచ్చు.