పేరు లేని పువ్వు, పేరున్న గింజ

వేసవి తొలిరోజులలో, తెల్లవారుజామున రాలిన ఇప్పపూలను బుట్టలకెత్తి, ఎండబెట్టి, బస్తర్ గిరిజనులు సంతకు తెస్తారు. తెలంగాణ సరిహద్దుకు చేరువలో, తెలుగు కూడా వినిపించే మద్దేడ్ ప్రాంతంలోనూ ఇదే తీరు. ఆ పువ్వుకు తూకం ఉంది, ప్రభుత్వం ప్రకటించే మద్దతు ధర ఉంది. పొట్లం మీద అచ్చయ్యే పేరు మాత్రం లేదు. ఏ ఊరి పువ్వని కొనేవాడు అడగడు. అడగని సరుకుకు తన ధర చెప్పగల బలం అమ్మేవానికి ఎక్కడిది?

తూర్పున అరకులోయ గిరిజనుల కాఫీ కథ వేరు. సిల్వర్ ఓక్ చెట్ల నీడన, మిరియాల తీగల నడుమ పండే ఆ గింజలకు హైదరాబాదుకు చెందిన నాంది ఫౌండేషన్ ప్రోద్బలంతో ‘అరకు’ అన్న ఊరిపేరే వ్యాపారచిహ్నమైంది. 2017లో ప్యారిస్‌లో ఆ పేరుతో దుకాణం వెలిసింది. అరకు ఎక్కడున్నదో ప్యారిస్ వాసికి తెలియకపోవచ్చు. తెలుసుకోవాలనిపించడమే అమ్మకంలోని కిటుకు. అయితే పండిన కాయనే ఏరి కోయకపోతే ఎంతటి ప్రకటనా రెండవ కప్పును అమ్మలేదు.

2019లో ‘అరకువ్యాలీ అరబికా’కు భౌగోళిక గుర్తింపు లభించింది. అంటే ఆ పేరు ఏ ఒక్క సంస్థదో కాదు, ఆ సీమ రైతులందరిదీ. పేరు తెచ్చిన అదనపు రూపాయిలో రైతు వాటా ఎంతో మాత్రం చట్టం చెప్పదు. అది బేరంలో తేలవలసిందే.

బస్తర్‌లోనూ దర్భా కొండలలో కాఫీ నాటి, ‘బస్తర్ కాఫీ’ అని పేరుపెట్టారు. ఇప్పపువ్వుకు అటువంటి చీటీ అతికించడం కష్టం. మహిళాసంఘాలు దానితో లడ్డూలు చేసి అమ్ముతున్నా, దాని పేరు వినగానే పట్నవాసికి ముందుగా తోచేది సారాయే.